పిన్నిగారి అంతరాయం

డిష్ బిగించడానికి వచ్చినాయన మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూనే అడిగాడు. "ఊరికే వచ్చేది పెట్టమంటారా మేడమ్, ప్యాకేజీ పెట్టమంటారా?"

అప్పుడే బడి నుంచి వచ్చాను. నందిగామ బస్టాండు నుంచి ఇంటిదాకా ఎండలో నడిచి, చేతిసంచీ ఇంకా భుజాన ఉండగానే ఈ ప్రశ్న. ఊరికే వచ్చేదంటే ఒకసారి డిష్ కొనుక్కుంటే చాలట, నెలనెలా కట్టేదేం ఉండదు, సర్కారు చానళ్ళూ ఇంకా ఏవో కొన్నీ వస్తాయి. ప్యాకేజీ అయితే మనమే ఎంచుకోవాలి. తెలుగు ప్యాకేజీ, దానిమీద సినిమాలది, ఆటలది, పిల్లలది. రంగుల కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, ఏది తీసుకుంటే ఏది కలిసొస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మావారికి క్రికెట్ కావాలి. మా అమ్మాయికి బొమ్మల చానల్ కావాలి. మా అత్తగారికి సీరియళ్ళు ఒక్కటి కూడా తప్పకూడదు. నాకేం కావాలో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే ఓపిక లేదు. కాసేపు ఎక్కడైనా కూలబడితే చాలనిపించింది.

ఆ వారంలోనే మా పాత వీధి సైదమ్మ జగ్గయ్యపేట నుంచి ఫోన్ చేసింది.

"టీచరక్కా, పిన్ని పోయింది. నిద్దట్లోనే పోయింది. నీ నంబరు దొరకక చెప్పలేకపోయిన. నిన్ననే అన్నీ అయిపోయినయ్."

నేనేదో అన్నాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు. తర్వాత సైదమ్మే మళ్ళీ అంది. "సమాధుల తోటకి తీస్కపోయేదాంక మేమంతా ఆ ముందు గదిలనే కూసున్నం అక్కా. గది నిండిపోయింది. చాపలు సాల్లేదు."

చాపలు చాలలేదన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇక తర్వాత సైదమ్మ చెప్పినవేవీ నా చెవికెక్కలేదు.

ఆవిడ పేరు రాయను. ఆ వీధిలో ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. పెద్దవాళ్ళకీ చిన్నవాళ్ళకీ పాలు పోసేవాడికీ అందరికీ పిన్నిగారే. జగ్గయ్యపేటలో ఒకే కప్పు కింద వరసగా ఉన్న ఇళ్ళలో మొదటిది ఆవిడది. వెనక వాటా మాకు అద్దెకిచ్చింది. కొత్తగా పెళ్ళై, మావారికి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం, నాకేమో నందిగామ దగ్గర బడి. పొద్దున్నే బస్సెక్కి పోవడం, సాయంత్రం సుద్దపొడి దులుపుకుంటూ దిగడం. అలా దిగి వీధిలోకి తిరిగేసరికి పిన్నిగారు గుమ్మంలో కూచుని ఉండేది. "వచ్చావా అమ్మాయ్. ముందు కూచో. వంట ఎక్కడికీ పోదు," అనేది. ఆ ఒక్క మాట కోసం నేను బస్సులో నిలబడి వచ్చేదాన్నేమో అని ఇప్పుడనిపిస్తోంది.

ఆ ముందు గదిలో చెక్క తలుపుల టీవీ. పెట్టెకి రెండు రెక్కలూ, వాటికో తాళం. పిన్నిగారి భర్త బడిపంతులుగా రిటైరై, వచ్చిన డబ్బులో మొదట కొన్న వస్తువు అదే. కొన్న ఏడాదికే ఆయన పోయారు. పిల్లల్లేరు. ఈ సంగతులు ఆవిడ ఒక్కసారే చెప్పింది, అది కూడా వార్తలు వస్తుండగా, వార్తలు చదివే అమ్మాయి చీర బాగుందో లేదో చెబుతూ మధ్యలో. "మీ బాబాయిగారు దీన్ని నా కోసం కొనలేదమ్మాయ్. పదిమంది వచ్చి కూచుంటారని కొన్నారు. ఒక్కదాన్నే అయిపోతానని ముందే తెలుసు కాబోలు ఆ మహానుభావుడికి."

పదిమంది ఏమిటి, వీధి వీధంతా వచ్చేది. అప్పట్లో టీవీ అంటే ఏంటెన్నా టీవీయే, ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. ఆదివారం పొద్దున పౌరాణిక సీరియల్ వచ్చేది. సరిగ్గా ఆ వేళకే పిన్నిగారికి చర్చి. చాపలు పరిచి, మంచినీళ్ళ బిందె పెట్టి, తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, తాళంచెవి నాకిచ్చి వెళ్ళేది.

"సైదమ్మని ముందు కూచోనీకు. అది కూచుంటే వెనక వాళ్ళకి తెర మీద రాజ్యం కనపడదు. గోడవారగా కూచోబెట్టు."

సైదమ్మ వరసలో మూడో ఇంటావిడ. లారీ డ్రైవరు భార్య, కోదాడ వైపు నుంచి వచ్చింది. మనిషీ పెద్దదే, గొంతూ పెద్దదే. దేవుడు తెర మీదికి రాగానే ఎవరో ఒకరు టీవీ ముందు అగరొత్తులు వెలిగించేవాళ్ళు. ఒకసారి ఒకావిడ మొహమాటపడి, క్రైస్తవుల ఇంట్లో ఇలా వెలిగించొచ్చా అని పిన్నిగారినే అడిగింది. "వెలిగించుకోండమ్మా, మీ దేవుడు మా ఇంటికొచ్చాడు, మర్యాద చెయ్యొద్దా? బుగ్గి మాత్రం చాప మీద పడనీకండి," అని చర్చికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే అడిగేది. "యుద్ధం మొదలైందా?"

"ఇంకా లేదండి. మాట్లాడుకుంటున్నారు."

"పోయిన వారమూ అదేగా! మా పాస్టరుగారే నయం. ఆయన ఎంతసేపు మాట్లాడినా ఆఖర్న ముగిస్తాడు."

కానీ నాకు ఆవిడ గుర్తొచ్చేది టీవీ నడిచేటప్పుడు కాదు, ఆగిపోయినప్పుడు. సాయంత్రాలు పాటలకీ సినిమాలకీ ఆవిడా మాతోనే కూచునేది, అప్పట్లో బొమ్మ ఊరికే పోయేది. గాలికి ఏంటెన్నా తిరిగిపోతే ఒకరు మేడెక్కి, ఒకరు కిటికీలో నిలబడి, ఒకరు టీవీ ముందు కూచుని, వచ్చిందా, లేదు, బెజవాడ వైపు తిప్పు, అదుగో వచ్చింది, అయ్యో పోయింది, అని వీధంతా ఒక సంసారంలా అరుచుకునేవాళ్ళం. మన తప్పేం లేకుండా వాళ్ళ దగ్గరే ఆగిపోతే, అంతరాయానికి చింతిస్తున్నామని ఒక అట్ట పడేది. ఆ అట్ట పడిందంటే అందరూ ఉసూరుమనేవాళ్ళు. పిన్నిగారి ముఖం మాత్రం వెలిగిపోయేది.

"వస్తుందిలే, కూచోండి."

ఏ క్షణాన వస్తుందో తెలీదు కాబట్టి ఎవరూ లేచిపోయేవాళ్ళు కాదు. అప్పుడు మొదలయ్యేవి కబుర్లు. వత్సవాయిలో పత్తికి పురుగు పట్టిన సంగతి, ఎవరి కోడలు నీళ్ళోసుకున్నదీ, వేదాద్రి తిరునాళ్ళకి ఎవరెవరు వెళ్తున్నదీ. పిన్నిగారు ఒక్కొక్కరినీ పేరుపేరునా కదిలించేది. "నీ నడుం నొప్పి ఎలా ఉందే?" "మీ ఆయన ఉత్తరం రాశాడా?" లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చేది, లేదంటే మరమరాలు వేయించి పళ్ళెంలో పోసేది. బొమ్మ మళ్ళీ వచ్చాక కూడా కాసేపు ఎవరూ టీవీ వంక చూసేవాళ్ళు కాదు. ఆవిడ అనేది: "టీవీ చూడ్డానికి ఎవడొస్తాడమ్మాయ్? టీవీ దగ్గర కూచోడానికి వస్తారు." ఆ మాటకి నేను నవ్వాను. నవ్వేసి మర్చిపోయాను కూడా.

తర్వాత ఊళ్ళోకి కేబుల్ వచ్చింది. నెలనెలా కడితే బోలెడు చానళ్ళు, పొద్దుగూకులూ సినిమాలు. పిన్నిగారికి మొదటి నుంచీ అది మింగుడుపడలేదు. ఆవిడ దాన్ని తీసిపారేస్తుంటే ఎవరికైనా నవ్వొచ్చేది. "ఊరికే వచ్చేది చుట్టంలాంటిది. వేళకొస్తుంది, ఉన్నంతసేపు ఉంటుంది, పోతుంది. దానితో మాట్లాడుకుంటూ చూడొచ్చు. డబ్బు కట్టి తెచ్చుకున్నది అలా కాదే. ఒక్క ముక్క పోయినా ప్రాణం పోయినట్టు కూచుంటారు. పక్కన మనిషి పోయినా చూడరు."

ఆవిడ ఏమన్నా, జనం పక్క వీధిలో కేబుల్ ఉన్న కిరాణా కొట్టు ముందు నిలబడి చూడ్డం మొదలుపెట్టారు. చాపలు పరిచిన గదిలో నేనూ పిన్నిగారూ మిగిలాం. రెండు ఆదివారాలు చూసి, ఆవిడే కేబులాయన్ని పిలిపించి కనెక్షన్ పెట్టించుకుంది. గది మళ్ళీ నిండింది. నిండిందన్న సంతోషం ఎంతో సేపు నిలవలేదు. కేబుల్లో అట్ట పడేది కాదు. సీరియల్ తర్వాత సీరియల్, దాని తర్వాత సినిమా. మధ్యలో పిన్నిగారు ఎవరినో నడుం నొప్పి గురించి అడిగిందో లేదో, సైదమ్మ గోడవార నుంచి అరిచింది.

"పిన్నీ, జర ఆగు. ఆమె ఏం చెప్తుందో ఇనపడతలేదు."

తన ఇంట్లో, తన చాప మీద, తన టీవీ ముందు పిన్నిగారు నోరు మూసుకుని కూచుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. కోపం లేదు, చిన్నబోయి మాత్రం ఉంది.

చూస్తుండగానే ఇంటింటికీ టీవీలు వచ్చాయి. వాయిదాల మీద కొన్నవి కొన్ని, పెట్టుపోతల్లో వచ్చినవి కొన్ని. ఏంటెన్నాకి వాటిల్లో ఏదీ సరిగ్గా పలికేది కాదు. ఒకరోజు సైదమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "పిన్నీ, మీ కేబుల్ నుంచి మాకొక్క వైరు ఇయ్యరాదు? నీకేం తగ్గది."

అడిగినవాళ్ళకి లేదనడం పిన్నిగారికి చేతకాదు. పైగా ఆవిడ లెక్క ఆవిడకుంది. వైరు తీసుకున్నవాళ్ళు రోజుకోసారైనా పలకరించడానికి వస్తారు కదా అనుకుంది. సైదమ్మకి ఇచ్చింది. సైదమ్మకిచ్చి మాకివ్వరా అని పక్కవాళ్ళు అడిగారు, వాళ్ళకీ ఇచ్చింది. వాటాలో ఉన్న మాకు అడక్కుండానే ఇచ్చింది. డబ్బు పంచుకుంటామంటే ఒప్పుకోలేదు. "మంచినీళ్ళకి డబ్బు తీసుకుంటామా ఎక్కడైనా?" అంది. టీవీ వెనక గోడకి అరచేతిలో పట్టేంత రేకు డబ్బీ ఒకటి బిగించారు. స్తంభం నుంచి వచ్చిన వైరు దాంట్లోకి వెళ్ళేది, దాన్నుంచి వరసలో ఇళ్ళన్నిటికీ వైర్లు కిటికీ సందులోంచి బయటికి పోయేవి. అన్ని ఇళ్ళకి పంచేసరికి బొమ్మ మీద ఉప్పు చల్లినట్టుండేది. దానికెవరూ బాధపడలేదు. ఇంట్లో కాళ్ళు చాపుకుని చూస్తున్నారుగా.

పిన్నిగారి గదిలో చాపలు చుట్ట చుట్టి గోడకి ఆనించి ఉండేవి. తన చేత్తో తనే ఇచ్చింది కదా, ఎవరినేమంటుంది? సాయంత్రాలు గుమ్మంలో కూచుంటే, వరసలో ఇళ్ళన్నిటి నుంచీ ఒకే పాట, ఒకే ఏడుపు వినబడేవి. ఆవిడ టీవీ నుంచి కూడా అదే. "అందరం ఒకటే చూస్తున్నాం చూడమ్మాయ్," అంది నాతో ఒకసారి, తెరలో ఎవరో ఏడుస్తుంటే.

అప్పట్నుంచే మా వరసకి కేబుల్ పోవడం మొదలైంది. రోజూ కాదు, వారంలో రెండు మూడు సాయంత్రాలు. అందరూ చూసే సీరియల్ మొదలయ్యే వేళకి ఉన్నట్టుండి బొమ్మ పోయి చుక్కలు వచ్చేవి. వైరు మూలం పిన్నిగారిల్లు కాబట్టి అందరూ అక్కడికే పరిగెత్తేవాళ్ళు.

నాకు జ్వరమొచ్చి బడి మానేసిన రోజున అసలు సంగతి తెలిసింది. పొద్దున పిన్నిగారు గంజి పోసిచ్చిన గిన్నె తిరిగిద్దామని, సాయంత్రం వెనక తలుపు లోంచి ముందు గదిలోకి వెళ్ళాను. పొయ్యి మీద టీ నీళ్ళు మరుగుతున్నాయి, ఒక్కరికి కాదు, పెద్ద గిన్నెడు. పిన్నిగారు టీవీ వెనక్కి వంగి, రేకు డబ్బీలోంచి స్తంభం వైరు పిన్ను పట్టుకుని లాగేసింది. లాగి, కొంగుతో చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, ఇటు తిరిగేసరికి నేను.

గంజి గిన్నె నా చేతిలోనే ఉంది. ఆలోపే వీధిలో చెప్పుల చప్పుడు. సైదమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"పిన్నీ, టీవీ వస్తలేదేంది? నీకొస్తుందా?"

"నాకూ లేదమ్మా. అందరికీ పోయినట్టుంది. వస్తుందిలే, లోపలికి రా, కూచో."

సైదమ్మ కూచుంది. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. చుట్ట చుట్టిన చాప మళ్ళీ నేల మీదికొచ్చింది. మరిగే నీళ్ళలో పిన్నిగారు టీపొడి వేసింది. ఎవరి నడుం నొప్పి ఎలా ఉందో అడిగింది, కబురు రాని మొగుడి గురించి అడిగింది. నేను జ్వరంతోనే ఆ మూల కూచుని ఆవిణ్ణే చూస్తున్నాను. అట్ట పడ్డ రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది. టీలు అయిపోవస్తుండగా, గ్లాసులు తీస్తున్నట్టే వెనక్కి వెళ్ళి పిన్ను పెట్టేసింది. బొమ్మ వచ్చింది. ఇంకో గుక్క మిగిలినవాళ్ళు అక్కడే కూచుని చూశారు. మిగతావాళ్ళు ఇళ్ళకి పరిగెత్తారు.

అందరూ వెళ్ళాక నా పక్కన కూచుంది. "ఎవరికీ అన్యాయం చెయ్యను అమ్మాయ్. పాట వచ్చేటప్పుడు పీకుతాను, ప్రకటనలు అయ్యేలోపు పెట్టేస్తాను. కథలో ఒక్క ముక్క పోనివ్వను." నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "ఎవరితోనూ అనకు," అంది.

నేననలేదు. ఆవిడ చేసింది మంచో చెడో నాకు తెలీదు. తెలుసుకునే ఓపిక ఆ రోజుల్లో ఉండేది కాదు. పొద్దంతా పిల్లల గోల విని వచ్చినదాన్ని, నాకు కూడా ఆ కాసేపు టీవీ లేని మాటలు హాయిగానే ఉండేవి.

కొన్నాళ్ళకి సైదమ్మ కేబులాయన మీద విరుచుకుపడింది. నెలనెలా పైసలు తీసుకుంటవు, మా సీరియల్ వేళకే ఎందుకు పోతది అని వీధిలో నిలదీసింది. తనిచ్చేది ఒక్క పైసా లేదన్న సంగతి ఆవిడకి అప్పుడు గుర్తులేదు. పాపం ఆయన మధ్యాహ్నం ఎండలో స్తంభమెక్కి చూశాడు, వైరు మార్చాడు, చివరికి పిన్నిగారి గదిలోకి వచ్చాడు. వెనకే వరసలో ఆడవాళ్ళందరూ. ఎంత పిలిచినా రానివాళ్ళు ఆ రోజు గది నిండా ఉన్నారు. పిన్నిగారు ఆయనకి మజ్జిగ కలిపి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ టీవీ వెనక్కి ఒకసారి చూసింది.

కేబులాయన డబ్బీని చూసి కనుబొమలు ముడిచాడు. "స్తంభం దగ్గర బ్రహ్మాండంగా ఉందండి. ఈ పిన్నే బాగా వదులైపోయింది. ఎవరో పీకి పెడుతున్నట్టుంది పిన్నిగారూ."

పిన్నిగారు నా వంక చూసింది.

"ఎలకలండి," అన్నాను.

"అవును బాబూ, ఎలకలు," అంది పిన్నిగారు వెంటనే. అక్కడితో ఊరుకోలేక, "పందికొక్కులు కూడా ఉన్నాయి," అంది.

"ఎలకలైతే వైరు కొరుకుతాయి గానీ పిన్ను పీకవు కదండీ," అన్నాడాయన.

ఇక అయిపోయిందనుకున్నాను. సైదమ్మే కాపాడింది. "నీకేం తెల్సయ్యా ఈడి ఎలుకల సంగతి? మా ఇంట్ల డబ్బా మూత తీసి బియ్యం తింటున్నయ్!" ఆ గొంతు ముందు ఆయన నిలబడలేకపోయాడు. పిన్నుకి నల్లటేపు గట్టిగా చుట్టి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

టేపు ఉన్నన్నాళ్ళూ మా వరసకి కేబుల్ ఒక్క క్షణం కూడా పోలేదు. పిన్నిగారి గుమ్మం కూడా ఎవరూ తొక్కలేదు. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర కూచుని, గోటితో ఓపిగ్గా ఆ టేపు ఊడదీస్తోంది. నన్ను చూసి దాచుకోలేదు. "ఆదివారం ప్రార్థనలో చెప్పుకున్నాను, ఎలకల సంగతి. నువ్వాడిన అబద్ధం కూడా నాదే అని చెప్పాన్లే. నీకేం భయం లేదు," అంది.

ఆ తర్వాత మావారు ఉద్యోగం మారారు, మేం నందిగామ వచ్చేశాం. దగ్గరే కదా, బస్సెక్కితే గంట పని, వస్తుంటాను అని చెప్పి వచ్చాను. బస్సులో రోజూ తిరిగిన మనిషికి సెలవునాడు మళ్ళీ బస్సెక్కాలంటే కాళ్ళు రావు. ఏడాదికొకటి రెండుసార్లు వెళ్ళేదాన్ని.

ఆఖరిసారి వెళ్ళింది పరీక్షల డ్యూటీ అక్కడ పడినప్పుడు. సాయంత్రం డ్యూటీ అయ్యాక నందిగామ బస్సుకి ఇంకా వేళ ఉంది, ఆ వీధిలోకి నడిచాను. వరసలో ఇళ్ళన్నిటి మీదా డిష్‌లు, మూకుళ్ళలా ఆకాశానికి పట్టి ఉన్నాయి. పిన్నిగారి కప్పు మీద మాత్రం పాత ఏంటెన్నా, దాని మీద కాకి. గుమ్మంలో ఆవిడ. బాగా చిక్కిపోయింది. మోకాళ్ళు పట్టేశాయట.

"వచ్చావా అమ్మాయ్. ముందు కూచో."

లోపల గోడ మేకుకి వైర్ల చుట్టలు వేలాడుతున్నాయి. ఏమిటవి అంటే చెప్పింది. మొదట సైదమ్మ వాళ్ళు డిష్ పెట్టించుకున్నారట. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, అందుకని వైరు చుట్ట చుట్టి, బుట్టలో నాలుగు దోసకాయలు వేసి, వాటి మీద పెట్టి తెచ్చిచ్చిందట. "ఇగ నీ వైరు అక్కర్లే పిన్నీ, మాకు ప్యాకేజీ ఉంది," అందట. తర్వాత మిగతావాళ్ళూ ఒక్కొక్కరే తెచ్చిచ్చారట. "మర్యాద తెలిసినవాళ్ళే అందరూ. ఎవరూ ఉత్తి చేతుల్తో రాలేదు. ఒకావిడ నిమ్మకాయలు తెచ్చింది," అంది పిన్నిగారు.

"మీరు కూడా డిష్ పెట్టించుకోలేకపోయారా పిన్నిగారూ? బొమ్మ బాగుంటుంది కదండీ."

"అడిగానమ్మా. అడక్కపోలేదు. ఊరికే వచ్చే డిష్ ఉందన్నాడు, పెద్ద ప్యాకేజీ ఉందన్నాడు. పెద్దదే పెట్టించుకుందామనుకున్నాను. పక్కిళ్ళకి వైరు ఇవ్వచ్చా అంటే కుదరదన్నాడు. ఎవరింటి డిష్ వాళ్ళదేనట." చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "మరి నేనొక్కదాన్నీ ఏం చేసుకుంటాను అన్ని చానళ్ళు?"

చెప్పుకోవడానికి మా ఇద్దరి దగ్గరా పెద్దగా ఏమీ లేదు. నాకు పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. ఆవిడ గోడ గడియారం వంక చూసింది. గోడ పట్టుకుని లేచి, పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టింది. పెద్ద గిన్నె. పళ్ళెంలో గ్లాసులు వరసగా పేర్చింది, మా ఇద్దరికీ సరిపోయేవి కాదు, అంతకంటే చాలా. చాప తెచ్చి పరవబోతే నేనందుకుని పరిచాను. అప్పుడు టీవీ వెనక్కి వెళ్ళింది. వంగలేక గోడకి ఆనుకుని చెయ్యి పెట్టింది. ఆ రేకు డబ్బీలో ఇప్పుడు స్తంభం నుంచి వచ్చే వైరు, ఆవిడ టీవీకి పోయే వైరు తప్ప మరేం లేవు. పిన్ను పీకింది. ఆవిడ టీవీలో చుక్కలు వచ్చాయి.

వచ్చి గుమ్మంలో నా పక్కన కూచుని వీధి వంక చూసింది.

వరసలో ఇళ్ళన్నిటి నుంచీ సీరియల్ పాట వినబడుతోంది. పాట అయింది. ప్రకటనలు అయ్యాయి. కథ మొదలైంది, ఎవరో ఏడుస్తున్నారు. ఏ ఇంట్లోనూ బొమ్మ పోలేదు. వీధిలోకి ఎవరూ రాలేదు. లోపల టీ మరిగి మరిగి చేదు వాసన వస్తోంది. ఎవరూ రారని ఆవిడకి తెలియదా? నా కంటే బాగా తెలుసు. అయినా మెడ తిప్పకుండా అటే చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి లేచాను. బస్సు వేళయిందని చెప్పి వెళ్ళిపోదామనే లేచాను. చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాను. నాలుగడుగులు వేశాను, ఆగాను, వెనక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"పిన్నిగారూ, టీవీ రావట్లేదేంటండీ? మీకొస్తోందా?"

ఆవిడ తలెత్తి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"నాకూ లేదమ్మా," అంది. "అందరికీ పోయినట్టుంది. వస్తుందిలే, లోపలికి రా, కూచో."

నేను చెప్పులు విప్పి లోపలికెళ్ళి చాప మీద కూచున్నాను.